అండర్-14 కబడ్డీ జట్టు: కోచ్ అరుపు ఆగితేనే కెప్టెన్ గొంతు లేస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయులుగా కొత్తగా చేరి అండర్-14 బాలుర కబడ్డీ జట్టును తయారుచేస్తున్నారు. పిల్లలకు దమ్మూ చురుకూ రెండూ ఉన్నాయి. అయితే సాధనలో బాగా ఆడేవాళ్ళు మండల స్థాయి పోటీల్లో మీరు గీత బయటినుంచి అరిచి చెబితే తప్ప కదలడం లేదు. కెప్టెన్‌గా పెట్టిన కుర్రాడు మంచి రైడరే (అవతలి కోర్టులోకి కూతకు వెళ్ళేవాడే) గాని నోరు విప్పడు. పిల్లలకు నాయకత్వం నేర్పడం ఎలాగని, కోచ్‌గా మీ నాయకత్వం ఎలా ఉండాలని అడిగారు. చాలాకాలంగా బడి పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నవాడిగా నేను చెప్పగలిగేది ఏమిటంటే, ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ నిర్ణయాలన్నీ మీ నోటినుంచే వస్తున్నంతకాలం ఆ కెప్టెన్ నోరు తెరవవలసిన అవసరమే రాదు. నిర్ణయాన్ని కొంచెం కొంచెంగా పిల్లల చేతికి అప్పగించడమే పిల్లల జట్టు విషయంలో కోచ్ చేయవలసిన అసలు పని.

ఆట స్వభావాన్ని బట్టి చూసినా ఇదే తేలుతుంది. కూతకు వచ్చినవాడికి ఉన్నది 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో పట్టు వేయడానికి అనువైన క్షణం ఒకటో రెండో వస్తుంది, వచ్చినంత వేగంగానూ పోతుంది. రైడర్ ఎడమ కార్నర్ (డిఫెండర్ల వరుసలో ఎడమ చివర) వైపు జరుగుతూ, దాటితే అదనపు పాయింటు వచ్చే బోనస్ గీత మీదికి కాలు చాపాడనుకోండి. చాపిన కాలి మీద బరువు పడిందా, ఇంకా వెనక కాలి మీదే ఉందా అన్నది కార్నర్‌లో నిలబడ్డ పిల్లవాడికి రెండు మూడు అడుగుల దూరంనుంచి కనిపిస్తుంది గాని, కోర్టు బయట ఒక పక్కన నిలబడ్డ మనకు కనిపించదు. మనం "పట్టు" అని అరిచేసరికి ఆ కాలు వెనక్కి పోయి ఉంటుంది. పైగా ఆ అరుపు రైడర్‌కు కూడా వినిపిస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే, రైడర్ నడుమునూ మోకాలినీ గమనించవలసిన పిల్లవాడి ధ్యాస మన గొంతు మీదికి మళ్ళుతుంది. ఆదేశానికి అలవాటుపడ్డవాడు ఆదేశం వచ్చేదాకా ఆగుతాడు, వచ్చాక ఆలస్యంగా దూకుతాడు, రైడర్‌కు ఉట్టినే పాయింటు ఇచ్చి బయటికి వస్తాడు.

కాబట్టి మొదటి మార్పు సాధనలో తీసుకురండి. రోజూ చివర ఆడించే ఆటలో ఒక పావుగంట మీరు ఒక్క మాటా మాట్లాడకండి. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే సారుకు కోపం వచ్చిందనుకుని బిగుసుకుపోతారు. మొదటి రోజుల్లో చూడడానికి కష్టంగానే ఉంటుంది. చైన్‌గా చేతులు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు ముందుకు దూకుతాడు, రెండోవాడు వెనక్కి లాగుతాడు, రైడర్ ఇద్దరినీ తాకి మధ్య గీత దాటిపోతాడు. మీకు లేచి చెప్పాలనిపిస్తుంది, చెప్పకండి. దెబ్బ తగిలే ప్రమాదం కనిపిస్తే మాత్రమే విజిల్ వేయండి. కొన్నాళ్ళకు ఎవరో ఒకరు "ఎడమ ఎడమ", "లోపలికి రానీ", "ఇప్పుడే" అని పలకడం మొదలుపెడతారు. ఆ గొంతు ఎవరిదో గుర్తుపెట్టుకోండి. నేను చూసినంతలో అది కోచ్ ఊహించిన పిల్లవాడిది కావడం తక్కువ.

ఆట ఆపి మాట్లాడేటప్పుడు అడిగే తీరు కూడా మార్చుకోవాలి. "ఎందుకు వదిలేశావురా" అన్నది ప్రశ్నలా వినిపించదు, నేరం మోపినట్టు వినిపిస్తుంది, దానికి పిల్లవాడి దగ్గర తల దించుకోవడం తప్ప జవాబు ఉండదు. "వాడి బరువు ఏ కాలి మీద ఉంది?", "ఆ క్షణంలో నీ పక్కవాడు నీకు ఎంత దూరంలో ఉన్నాడు?" అని అడిగితే జవాబు చెప్పగలడు, చెప్పడానికి మళ్ళీ ఆ క్షణాన్ని మనసులో చూసుకుంటాడు. ఒక పోటీలో అవతలి జట్టు రైడర్ మా కుడి కార్నర్‌ను వరుసగా తాకిపోతున్నాడు. విరామంలో ఆ కార్నర్‌లో ఆడుతున్న ఏడో తరగతి కుర్రాణ్ణి పక్కకు పిలిచి, వాడిలో నీకేం కనిపిస్తోందని అడిగాను. కాసేపు ఆలోచించి, "సార్, ఇటు కాలు విసిరే ముందు ప్రతిసారీ వాడు అటు గడ్డం తిప్పుతున్నాడు" అన్నాడు. బయట నిలబడ్డవాళ్ళకు ఎంత అనుభవం ఉన్నా అందని సంగతి అది. ఆ మాటను నేను జట్టుకు చెప్పలేదు, వాడి చేతనే చెప్పించాను. రెండో సగంలో ఆ రైడర్ గడ్డం తిరగగానే కార్నర్‌కూ మధ్యకూ నడుమ కవర్‌లో ఆడే మా కుర్రాడు ఒకడుగు ముందుకు వచ్చి నిలబడడం మొదలుపెట్టాడు. తన మాట వల్ల జట్టు కదిలిందని ఒక్కసారి రుచి చూసిన పిల్లవాడికి ఆ తర్వాత మాట్లాడమని వేరే చెప్పనక్కరలేదు.

నోటితో చెప్పకుండా నేర్పడం ఎలాగని మీకు సందేహం రావచ్చు. దీనికి మన హైదరాబాద్‌లోనే గొప్ప ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవారు. 1950 నుంచి 1963లో మరణించేదాకా భారత ఫుట్‌బాల్ జట్టును నడిపించారు. ఆయన శిక్షణలోనే జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుర్రాళ్ళు బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒంటరిగా పరుగెత్తే అలవాటు మాన్పించడానికి ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు నడిపారు. రెండు కాళ్ళూ సమానంగా పనిచేయాలని, బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో కూడా పోటీలు పెట్టారు. బంతి వదలమని వందసార్లు చెప్పే బదులు, వదలక తప్పని ఆటను పిల్లల ముందు పెట్టారన్నమాట. నాయకుడి మాటకన్నా నాయకుడు పెట్టిన నియమం ఎక్కువ పనిచేస్తుందనడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

దీన్ని కబడ్డీలోకి తెచ్చుకోవడం కష్టం కాదు. డిఫెన్స్‌లో ఎవరైనా పలికిన తర్వాత పడిన పట్టుకే పాయింటు లెక్క వేస్తానని చెప్పండి, రెండు మూడు రోజుల్లో మూగ జట్టు పలకడం మొదలుపెడుతుంది. ఒక్కడే ఎగబడి నడుము పట్టే అలవాటున్న జట్టుకు, ఆ పూట చైన్ పట్టుకు మాత్రమే పాయింటు అనండి. ముగ్గురు డిఫెండర్లతోనే ఆట మొదలుపెట్టించండి. కోర్టులో ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉన్నప్పుడు పట్టిన పట్టుకు అదనపు పాయింటు ఉంటుంది కాబట్టి, తక్కువమంది మిగిలినప్పుడు బెదిరిపోకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆడడం అక్కడ అలవడుతుంది. రైడర్లకు పాయింటు రాని రెండు కూతల తర్వాత మూడో కూతతో ఆటను మొదలుపెట్టండి. తేకపోతే తానే ఔట్ అన్న ఒత్తిడి సాధనలోనే అలవాటైతే పోటీలో కాళ్ళు వణకవు.

ఇక కెప్టెన్ విషయం. మీరు చేసిన ఎంపికే చాలామంది చేస్తారు, బాగా కూతకెళ్ళేవాడికే కెప్టెన్సీ ఇస్తారు. కానీ కబడ్డీలో ఔటైనవాడు కోర్టు వదిలి బయట కూర్చోవాలి, తన జట్టుకు పాయింటు వచ్చి వరుసలో తన వంతు వచ్చేదాకా లోపలికి రాలేడు. జట్టులో అందరికన్నా ఎక్కువసార్లు ప్రమాదంలోకి వెళ్ళేది ప్రధాన రైడరే. అంటే జట్టుకు గొంతు ఎక్కువ అవసరమైన వేళ, పాయింట్లు పోతూ ముగ్గురు నలుగురే మిగిలి లోనా పడబోతున్న (జట్టు మొత్తం ఔట్ కాబోతున్న) వేళ, కెప్టెన్ బయట కూర్చుని ఉండే అవకాశం ఎక్కువ. అందుకే కార్నర్‌లోనో కవర్‌లోనో నిలకడగా ఆడేవాణ్ణి కెప్టెన్‌గా చూడమంటాను. ఇరాన్ ఆటగాడు ఫజల్ అత్రాచలి ఎడమ కార్నర్ డిఫెండర్, ప్రొ కబడ్డీలో యు ముంబాకు కెప్టెన్‌గా ఉన్నాడు. కార్నర్‌లో నిలబడేవాడికి రైడర్‌తో పాటు తన వాళ్ళందరూ కనిపిస్తారు, నడిపించడానికి అంతకన్నా అనువైన చోటు లేదు.

ఇక్కడ టీవీ ప్రభావం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2014లో ప్రొ కబడ్డీ మొదలై తెలుగు టైటాన్స్ తరఫున రాహుల్ చౌదరి కూతలు చూసినప్పటినుంచి మన పిల్లల్లో ఎవరిని అడిగినా రైడర్‌నే అవుతామంటారు. ఆటకు దానివల్ల వచ్చిన ఆదరణ నాకు ఎంతో సంతోషం. అయితే డిఫెండర్‌కు గౌరవం తెచ్చే పని కోచ్ పూనుకుని చేయాలి. మంచి పట్టు పడినప్పుడు పట్టినవాడితో పాటు పక్కనుంచి చైన్ మూసినవాడి పేరు కూడా అందరి ముందూ చెప్పండి.

మీ ప్రస్తుత కెప్టెన్‌ను మాత్రం ఉన్నపళంగా తీసేయకండి. ఆ వయసులో అది పిల్లవాడికి శిక్షలా తగులుతుంది. సాధనలో వారానికొకరిని కెప్టెన్‌గా తిప్పుతూ రండి. అందరి గొంతులూ బయటపడతాయి, కెప్టెన్ పని ఎంత కష్టమో అందరికీ తెలుస్తుంది కాబట్టి ఎవరు కెప్టెన్ అయినా సహకారం పెరుగుతుంది. ఆ తర్వాత ఆ రైడర్‌తో విడిగా కూర్చుని, కూత మీద నీ దృష్టి నిలవాలి, డిఫెన్స్‌లో పలికే పని ఫలానావాడికి ఇద్దామా అని అడిగితే చాలామంది పిల్లలు బరువు దిగినట్టు ఒప్పుకుంటారు.

టైమ్ అవుట్ 30 సెకన్లే. ఆ కాస్త సమయంలో కోచ్ ఐదు సంగతులు చెబితే పిల్లలకు ఒక్కటీ ఎక్కదు. మొదట కెప్టెన్ మాట్లాడాలి, తర్వాత మీరు ఒకే ఒక్క విషయం చెప్పాలి, అంతే. కెప్టెన్ మొదట్లో "బాగా ఆడదాం" అని మాత్రమే అంటాడు. ఫరవాలేదు. కొన్ని మ్యాచ్‌లు పోయాక "వాళ్ళ రెండో నంబరువాడు అలిసిపోయాడు, వాడు వచ్చినప్పుడు పట్టేద్దాం" అంటాడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్మే విషయానికి వస్తాను. జట్టులో 12 మంది, కోర్టులో ఏడుగురు. మిగిలిన ఐదుగురితో మీరు ఎలా ఉంటారన్నదాన్ని బట్టే ఆ ఏడుగురూ మిమ్మల్ని అంచనా వేస్తారు. రేపు దెబ్బ తగిలితే తామూ ఆ బల్ల మీదే కూర్చోవాలని పిల్లలకు బాగా తెలుసు. బయట కూర్చున్నవాళ్ళను నీళ్ళ సీసాలు మోయడానికీ చప్పట్లు కొట్టడానికీ పరిమితం చేస్తే వాళ్ళ మనసు ఆటలోంచి వెళ్ళిపోతుంది, ఆఖరి నిమిషంలో దించితే ఏం జరుగుతోందో తెలియక తడబడతారు. వాళ్ళకు ఆటలోని పనే ఇవ్వండి. ఒకడు పాయింటు రాని కూతలు లెక్కపెట్టి మూడో కూత వచ్చినప్పుడు గుర్తుచేయాలి. ఒకడు అవతలి కోర్టులో ఎంతమంది ఉన్నారో చూస్తుండాలి, ఎందుకంటే కనీసం ఆరుగురు లేకపోతే బోనస్ గీత దాటినా పాయింటు రాదు, ఆ లెక్క తెలియక ఉత్తినే లోపలికి వెళ్ళి దొరికిపోయే రైడర్లు అండర్-14లో ఎందరో. ఒకడు మన ఔట్ల వరుస చూడాలి, మరొకడు అవతలి ప్రధాన రైడర్ ఏ వైపు ఎక్కువ వెళ్తున్నాడో కాగితం మీద గీతలు పెట్టాలి. విరామంలో ఆ కాగితం కెప్టెన్ చేతికి వెళ్ళాలి. ఇలా పనిచేసిన పిల్లవాణ్ణి దించినప్పుడు, అప్పటిదాకా లోపల ఉన్నవాళ్ళకన్నా మ్యాచ్ వాడికే బాగా అర్థమై ఉంటుంది.

ఎంపికలో పేరు రాని పిల్లవాడికి ఆ సంగతి నోటీసు బోర్డు మీదనుంచి తెలియకూడదు. జాబితా పెట్టకముందే వాణ్ణి పిలిచి, ఏది తక్కువైందో, ఏది వస్తే ఎంపిక చేస్తారో చెప్పండి. "వచ్చే ఏడు చూద్దాంలే" అన్న మాట ఓదార్పులా ఉంటుంది గాని అందులో వాడు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "ఎడమ వైపు తిరిగేటప్పుడు నీ కాళ్ళు రెండూ దగ్గరికి వచ్చేస్తున్నాయి, దసరా సెలవుల్లోపల అది సరిచేసుకుంటే నిన్ను కవర్‌లో ఆడించి చూస్తాను" అంటే ఆ పిల్లవాడు రేపు కూడా మైదానానికి వస్తాడు. అన్నమాట ప్రకారం ఆడించి చూడడం మాత్రం మరిచిపోకూడదు. తండ్రి వచ్చి మావాడెందుకు లేడని అడిగినా ఇదే జవాబు చెప్పండి, పిల్లవాడికి ఒకటీ తండ్రికి ఒకటీ చెప్పకండి. సర్పంచ్ గారి అబ్బాయైనా, దాతగారి మనవడైనా ఎంపిక కొలత ఒక్కటే అని ఒకసారి రుజువైతే, ఆ తర్వాత మీ మాటకు జట్టులో ఎదురుండదు.

క్రమశిక్షణ గురించి అడగలేదు గాని అది కూడా ఇక్కడికే వస్తుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆరోజు మొదటి ఆటలో ఉండడన్న నియమం పెడితే, అది ముందుగా మీ బెస్ట్ రైడర్‌కు వర్తించాలి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు పుల్లెల గోపీచంద్ పి.వి. సింధు ఫోను మూడు నెలలపాటు తీసేసుకున్నారని, రజతం గెలిచాక తిరిగి ఇచ్చారని అప్పట్లో అందరం చదివాం. ఆ కథ విని పదమూడేళ్ళ పిల్లల మీద అలాంటి కట్టడులే పెట్టే కోచ్‌లు ఉన్నారు. నేను దాన్ని ఒప్పుకోను. సింధు అప్పటికే అంతర్జాతీయ క్రీడాకారిణి, ఆ కట్టడికి ఒక లక్ష్యమూ ఒక గడువూ ఉన్నాయి, కోచ్‌కూ శిష్యురాలికీ మధ్య ఎన్నో ఏళ్ళ నమ్మకం ఉంది. మనం నేర్చుకోవలసింది ఆ లక్ష్యమూ గడువూ ముందే చెప్పడం గురించి. ఎందుకో, ఎన్నాళ్ళో తెలియని కట్టడి పిల్లవాడికి అబద్ధమాడడం మాత్రమే నేర్పుతుంది.

బరువు, వయసు విషయాల్లో మాత్రం నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. బడి పోటీల్లో వయసు పరిమితితో పాటు కబడ్డీకి బరువు పరిమితి కూడా ఉంటుంది. బరువు చూసే రోజుకు తగ్గించడానికి పిల్లల చేత అన్నం మాన్పించడం, నీళ్ళు తాగనివ్వకపోవడం, ఎండలో స్వెటర్ వేసి పరుగెత్తించడం జరుగుతోంది. ఎదిగే పిల్లల ఒంటికి ఇది కీడు, ఆ స్థితిలో దెబ్బలు తగిలే ఆటకు దించడం ప్రమాదం. పెద్ద కుర్రాణ్ణి పుట్టిన తేదీ మార్చి ఆడించడం ఇంకా పెద్ద అన్యాయం, ఎందుకంటే అవతలి కోర్టులో నిజంగా పదమూడేళ్ళున్న పిల్లవాడు వాడి కింద పడతాడు. ఇవి జరిగినప్పుడు జట్టులో ప్రతి పిల్లవాడికీ తెలుస్తుంది. ఒకసారి అలా గెలిపించిన సారు ఆ తర్వాత నిజాయితీ గురించి ఎంత మంచి మాట చెప్పినా పిల్లలు వింటారు గాని నమ్మరు. బరువు మించిన పిల్లవాడికి ఈ ఏడు ఆడలేవని చెప్పి, అండర్-17 జట్టుతో సాధన చేయించండి. వాడి ఆట ఎక్కడికీ పోదు.

పిల్లల భాష గురించి చిన్న మాట. 2018 ఆసియా క్రీడల్లో ఇరాన్ మహిళలు ఫైనల్‌లో భారత్‌ను ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు వాళ్ళ కోచ్ మన దేశస్థురాలే, మహారాష్ట్రకు చెందిన శైలజా జైన్. ఆ అమ్మాయిలతో మాట్లాడడానికి ఆమె పారశీకం నేర్చుకున్నారు. మీ జట్టులో తండాల నుంచో గూడేల నుంచో వచ్చిన పిల్లలు ఉంటే, వాళ్ళ ఇంటి భాషలో "శభాష్", "దెబ్బ తగిలిందా" అన్నవైనా నేర్చుకోండి. మీ కెప్టెన్ మౌనానికి కారణం భాషేమో కూడా ఒకసారి చూడండి. కోర్టులో ఏ భాషలో పలికినా పరవాలేదని మీరు చెబితే కొందరు పిల్లలు ఆ రోజునుంచే మాట్లాడతారు.

ఓడిన రోజు మ్యాచ్ గురించి ఎక్కువ మాట్లాడకండి. చేతులు కలిపించి, నీళ్ళు తాగించి, దెబ్బలు చూసి, అన్నం తినిపించి ఇంటికి పంపండి. లెక్కలు మర్నాడు సాధనకు ముందు తీయవచ్చు, అప్పుడు కూడా మొదట వాళ్ళను చెప్పనివ్వండి. గెలిచిన రోజున కూడా అదే పద్ధతి పాటించండి. గెలిచినప్పుడు పొంగిపోయి ఓడినప్పుడు ముఖం తిప్పుకునే కోచ్ దగ్గర పిల్లలు పాయింటు పోతుందన్న భయంతో ఆడతారు, భయపడేవాడు పట్టుకు దూకడు.

చివరిగా, అండర్-14 జట్టులో ఏటా కొందరు వయసు దాటి పైజట్టుకు వెళ్ళిపోతారు, మీరు తయారుచేసిన కెప్టెన్ కూడా వెళ్ళిపోతాడు. కాబట్టి వాడున్నప్పుడే వారానికి ఒక సాయంత్రం ఆరో తరగతి పిల్లలకు సాధన చేయించే పని ఎనిమిదో తరగతివాళ్ళకు అప్పగించండి. కాలు ఎలా పట్టాలో, చైన్‌లో మణికట్టు ఎలా పట్టుకుంటే వేళ్ళు మెలిపడవో వాళ్ళే చూపించాలి, విజిల్ వాళ్ళ దగ్గరే ఉండాలి. మీరు అక్కడే ఉండి దెబ్బలు తగలకుండా చూసుకోండి. ఈ జూన్‌లో బడి తెరవగానే మొదలుపెడితే, మండల పోటీల నాటికి మీ జట్టులో కనీసం ఇద్దరు ముగ్గురు మీ వైపు చూడకుండా ఆడడం మీకే కనిపిస్తుంది. అప్పటి పరిస్థితి ఎలా ఉందో రాస్తే, డిఫెన్స్ అమరిక గురించి ఇంకా వివరంగా చెబుతాను.